బాలింతకు ఒక కాలే వాచింది, వాతమని రుద్దించవచ్చా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి), సోమవారం రాత్రి 7.40

అందరికీ నమస్కారం. మా అక్క తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నొప్పులు మొదలయ్యాక చాలాసేపు చూసి, బిడ్డ తిరగలేదని చివరికి ఆపరేషన్ చేశారు. ఇవాళ తొమ్మిదో రోజు. పాప బాగుంది, పాలు తాగుతోంది. నిన్న పొద్దున అక్క ఎడమ పిక్క పట్టేసినట్టుందని అంది. ఇవాళ చూస్తే తొడ దాకా వాచింది. కుడికాలు మామూలుగానే ఉంది. వాచిన కాలు ముట్టుకుంటే వేడిగా తగులుతోంది, రంగు కొంచెం కమిలింది. పాదం నేల మీద మోపలేకపోతోంది.

అమ్మమ్మ ఇది బాలింత వాతమేనని తేల్చేసింది. ఫ్యాను గాలి తగిలిందట, నీళ్లు ఎక్కువయ్యాయట. నిజానికి అక్కకు రోజుకు రెండు గ్లాసుల వాము నీళ్లు దాటనివ్వడం లేదు. రేపు తెల్లవారగానే కాళ్లు తోమే ఆవిడ వస్తుంది. ఆముదం కాచి గట్టిగా రుద్దితే వాపు దిగిపోతుందంటున్నారు. ఆపరేషన్ చేసిన చోటికి ఫోను చేస్తే కుట్లు చూపించుకునే రోజున రమ్మన్నారు. నాకు మాత్రం మనసు ఒప్పుకోవడం లేదు. అప్పటిదాకా ఆగవచ్చా?

నాగావళి ఒడ్డు (రాయగడ), రాత్రి 7.52

ఆగకమ్మా. రుద్దే ఆవిడకు ఇప్పుడే ఫోను చేసి రావద్దని చెప్పు. మిగతా సంగతులు తరవాత మాట్లాడుకోవచ్చు.

గంజాం డాక్టరమ్మ (బరంపురం), రాత్రి 8.05

చెల్లెమ్మా, ఇది రేపటికి వాయిదా వేసే విషయం కాదు. ప్రసవమైన మొదటి వారాల్లో ఒక్క కాలే వాచి, నొప్పి, వేడి ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డ కట్టిందేమోనని ముందుగా అనుమానించాలి. ఎడమకాలు కావడం, నొప్పులు పడ్డాక ఆపరేషన్ కావడం, నీళ్లు తక్కువ తాగడం, ఇవన్నీ ఆ అనుమానాన్ని పెంచేవే. చూసే దాకా నిర్ధారించలేం, చూడకుండా వదలలేం.

ఈ రాత్రే బయలుదేరండి. మీ ఊరి జిల్లా ఆసుపత్రిలో చూపించి, కాళ్ల సిరలకు డాప్లర్ స్కాన్ (లోపల రక్తం పారుతోందో లేదో చూపేది) ఇప్పుడే తీయగలరా అని అడగండి. ఈ వేళలో కుదరదంటే మీకు బరంపురం కంటే శ్రీకాకుళమే దగ్గర, అటు వెళ్లండి. బండి లేకపోతే 108కి చేయండి. కాలు రుద్దవద్దు, వేడి కాపడం పెట్టవద్దు, గుడ్డతో బిగించి కట్టవద్దు. దారిలో నీళ్లు తాగనివ్వండి. నొప్పి మాత్రలు మీ అంతట మీరు వేయకండి. ఆపరేషన్ చేసిన చోట ఇచ్చిన కాగితాలన్నీ వెంట తీసుకెళ్లండి. పాపను కూడా తీసుకెళ్లండి, పాలు ఆపాల్సిన పని లేదు.

ఒకటి గుర్తుంచుకోండి. ఉన్నట్టుండి ఆయాసం రావడం, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పొడిచినట్టు నొప్పి, దగ్గితే రక్తపు జీర, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా అప్పుడిక స్కాన్ ఎక్కడ దొరుకుతుందని వెతకకండి, దగ్గరలో ఉన్న అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. గడ్డ కాలి నుంచి కదిలి ఊపిరితిత్తులకు చేరిందనడానికి అవి గుర్తులు.

జయపురం మాస్టారు (జయపురం), రాత్రి 8.31

అమ్మాయిని అనవసరంగా భయపెడుతున్నారేమో ఆలోచించండి. మా అమ్మ ఆరుగురిని ఇంట్లోనే కన్నది. పురిటి గదిలో ధూపం, పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, ఇంగువ, కాయం (బాలింతకు పెట్టే మందు), అంతే. నీళ్లు గొంతు తడుపుకోవడానికే. ఎనభై దాటేవరకు తన పనులు తనే చేసుకుంది. కాళ్లు వాయడం బాలింతలకు సహజం. ప్రతి వాపుకూ స్కాన్ అంటే కొండమీది పల్లెల వాళ్లు ఎక్కడికి పోతారు? పెద్దవాళ్ల మాటకు విలువ ఇవ్వడం నేర్పించాల్సిన చోట తీసిపారేయడం నేర్పిస్తున్నాం.

నాగావళి ఒడ్డు (రాయగడ), రాత్రి 8.44

మాస్టారూ, మీ అమ్మగారికి నమస్కారం. ఆరు పురుళ్లు తట్టుకున్న ఆవిడ గురించి మనకు చెప్పేందుకు మీరున్నారు. తట్టుకోలేక పోయిన వాళ్ల గురించి చెప్పేవాళ్లు ఎవరున్నారు? మా నాన్నగారి మేనత్త పురిట్లోనే పోయింది. 'ఉన్నట్టుండి గుండె ఆగింది' అని తప్ప ఇంట్లో ఎవరూ ఇంకొక మాట చెప్పలేదు. అది గడ్డా కాదా అని ఇప్పుడు తేల్చలేం. కానీ ఆ రోజుల్లో అందరూ హాయిగా ఉన్నారనే లెక్క మాత్రం నాకు కుదరదు.

రెండు కాళ్లూ సమానంగా వాయడం సహజమే, నాకూ వాచాయి. ఈ అమ్మాయి చెబుతున్నది ఒక్క కాలి సంగతి. ప్రశ్న ఇంకోసారి చదవండి.

ప్రాణహిత అవతల (సిరోంచ), రాత్రి 9.10

నేను సాధారణంగా ఇక్కడ చదివి ఊరుకుంటాను. ఇది చదివాక రాయక తప్పలేదు. మాది గడ్చిరోలి జిల్లా, గోదావరి ఒడ్డు. మా చెల్లెలికి ఆపరేషన్ కాలేదు, మామూలు కాన్పే. రెండో వారంలో తలనొప్పి మొదలైంది. మొదట దిష్టి అన్నారు, ఆ తరవాత తలకు పోసుకున్నది ఆరలేదన్నారు. చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ చుట్టి పడుకోబెట్టారు. నీళ్లు ఇవ్వలేదు. రోజురోజుకూ నొప్పి పెరిగింది, వాంతులు, చూపు మసక. ఒకరోజు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి.

జిల్లా కేంద్రం మాకు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. వంతెన దాటి కాళేశ్వరం మీదుగా వరంగల్ తీసుకెళ్లాం. స్కాన్ చేసి, మెదడు నుంచి రక్తం బయటికి వచ్చే సిరలో గడ్డ కట్టిందని చెప్పారు. కొంతకాలం కుడిచెయ్యి సరిగ్గా పనిచేయలేదు. ఇప్పుడు బాగుంది, పిల్లవాడు బడికి వెళుతున్నాడు. మా ఊళ్లో మాత్రం ఇప్పటికీ అది గాలి సోకడమే అంటారు. డాక్టరమ్మ గారూ, కాలిలో కట్టే గడ్డా తలలో కట్టే గడ్డా ఒకటేనా?

గంజాం డాక్టరమ్మ (బరంపురం), రాత్రి 10.20

ప్రాణహిత గారూ, మూలం ఒకటే, చోటు వేరు. మాస్టారి మాటకు, మీ ప్రశ్నకు కలిపి కొంచెం వివరంగా రాస్తాను.

నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం వెళుతుంది. మాయ ఊడిన చోట ఆ నాళాలన్నీ తెరుచుకుంటాయి. గర్భసంచి గట్టిగా ముడుచుకోవాలి, రక్తం గబగబా గడ్డకట్టాలి, లేకపోతే తల్లి దక్కదు. అందుకే గర్భం మొదలైనప్పటి నుంచే ఒళ్లు దానికి సిద్ధమవుతుంది. గడ్డకు పోగులా పనికొచ్చే ఫైబ్రినోజన్ అనే ప్రొటీన్ పెరుగుతుంది, గడ్డకట్టించే ఎనిమిదో కారకం పెరుగుతుంది, గడ్డకట్టడాన్ని అదుపులో ఉంచే ప్రొటీన్-ఎస్ తగ్గుతుంది, కట్టిన గడ్డను కరిగించే శక్తి కూడా మందగిస్తుంది. ప్రాణం కాపాడే ఈ ఏర్పాటు బిడ్డ బయటపడగానే ఆగిపోదు, సర్దుకోవడానికి వారాలు పడుతుంది. ఆ వారాల్లో తల్లి కదలకుండా పడుకుంటే, ఒంట్లో నీరు తగ్గితే, ఆపరేషనో ఇన్‌ఫెక్షనో తోడైతే అక్కరలేని చోట గడ్డ కడుతుంది. రుడాల్ఫ్ విర్కో అనే జర్మన్ వైద్యుడి పేరుతో మేము చదువుకునే మూడు కారణాలూ, అంటే రక్తం నెమ్మదించడం, నాళం గోడ దెబ్బతినడం, రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం, బాలింతలో ఒకేసారి కనిపిస్తాయి. ఆయన పుట్టినరోజు అక్టోబరు 13నే ప్రపంచ థ్రాంబోసిస్ (నాళాల్లో రక్తం గడ్డకట్టడం) దినంగా జరుపుతారు.

ఎడమకాలే ఎందుకంటే, కుడికాలికి వెళ్లే పెద్ద ధమని పొత్తికడుపులో ఎడమకాలి నుంచి వచ్చే సిర మీదుగా దాటుతుంది. గర్భం బరువుకు ఆ సిర ఇంకా నొక్కుకుంటుంది. గర్భిణుల్లో కాలి గడ్డలు ఎక్కువభాగం ఎడమవైపే కనిపిస్తాయి.

ప్రమాదం ఎంత అంటే, వెయ్యి గర్భాలకు ఒకటి రెండు. ఎక్కువ కాదు, కాబట్టి ప్రతి బాలింతా భయపడుతూ కూర్చోనక్కరలేదు. కానీ ఆ ఒకటి రెండూ ఎప్పుడు వస్తాయన్నది ముఖ్యం. కాలిఫోర్నియాలో ప్రసవించిన 16 లక్షల 87 వేల మంది వివరాలు పరిశీలించిన ఒక అధ్యయనం 2014లో అచ్చయింది. కాలి గడ్డలు, ఊపిరితిత్తుల గడ్డలు, పక్షవాతం, గుండెపోటు అన్నీ కలిపి లెక్కిస్తే, అదే స్త్రీకి ఏడాది తరవాత ఉండే ముప్పుతో పోల్చినప్పుడు మొదటి ఆరు వారాల్లో దాదాపు పదకొండు రెట్లు ఉంది. ఏడు నుంచి పన్నెండు వారాల మధ్య రెండు రెట్లకు దిగింది. ఆరు వారాల్లోనూ మొదటి రెండు మూడు వారాలే అసలు గండం. మనవాళ్లు బాలింతను మంచం దిగనివ్వకుండా, నీళ్లు ముట్టనివ్వకుండా ఉంచేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

మెదడు సిరల్లో గడ్డ మన దేశంలో బాలింతల్లో కనిపిస్తుందని వైద్యులు దశాబ్దాలుగా రాస్తున్నారు. నీళ్లు ఇవ్వకపోవడం, రక్తహీనత, జ్వరం దానికి తోడ్పడతాయి. పాల రూపంలోనే తల్లి ఒంట్లోంచి రోజుకు ముప్పావు లీటరు దాకా పోతుంది. పైగా మొదటి వారంలో చెమట, మూత్రం ఎక్కువ. అప్పుడు నీళ్లు ఆపితే, ప్రవాహం తగ్గిన కాలువలో ఒండ్రు పేరుకున్నట్టే అవుతుంది. తలనొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, పడుకుంటే ఎక్కువవుతున్నా, వాంతులు, చూపు మసక, ఫిట్స్, ఒక చెయ్యి కాలు బలహీనపడటం, మాట తడబడటం ఉన్నా వెంటనే స్కాన్ చేయించాలి. వెన్నుకు మత్తు ఇచ్చాక వచ్చే తలనొప్పి ఇందుకు భిన్నంగా లేచి కూర్చుంటే ఎక్కువై, పడుకుంటే తగ్గుతుంది. కానీ ఆ తేడాను నమ్ముకుని ఇంట్లో తేల్చుకోకండి. బీపీ కూడా చూపించాలి, ప్రసవం తరవాత బీపీ పెరిగి ఫిట్స్ రావడం వేరే ప్రమాదం.

మాస్టారూ, పెద్దల మాటను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. పద్దెనిమిదో శతాబ్దపు ఐరోపాలో పెద్ద పెద్ద వైద్యులే బాలింత కాలు వాస్తే తల్లి పాలు కాలిలోకి దిగాయనుకునేవారు. కళ్ల ముందు కనిపించేదానికి చేతిలో ఉన్న తెలివితో కారణం చెప్పుకున్నారు. ఇప్పుడు మన చేతిలో డాప్లర్ ఉంది.

బరంపురం మనవడు (బరంపురం), రాత్రి 10.41

రక్తపరీక్షతో తెలిసిపోదా? మా ఆఫీసులో ఒకాయనకు డి-డైమర్ చేసి గడ్డ లేదని పంపేశారు.

గంజాం డాక్టరమ్మ (బరంపురం), రాత్రి 10.46

బాలింతల్లో ఆ పరీక్ష గడ్డ లేకపోయినా ఎక్కువే చూపిస్తుంది. అందుకే కాలికి డాప్లర్, ఊపిరితిత్తులకైతే సీటీ యాంజియోగ్రామ్, మెదడుకు ఎమ్మారై వీనోగ్రామ్. సీటీలో ఎక్కించే మందు వల్ల బిడ్డకు పాలు ఆపనక్కరలేదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి), మంగళవారం మధ్యాహ్నం 1.15

రాత్రే పాతపట్నం మీదుగా శ్రీకాకుళం వచ్చేశాం. అమ్మమ్మ అలిగి కారు ఎక్కలేదు. తెల్లవారాక స్కాన్ తీశారు. గజ్జ దగ్గర నుంచి మోకాలి కింది వరకు సిరలో గడ్డ ఉందన్నారు. ఊపిరితిత్తులకు పోలేదట, ఆక్సిజన్ బాగుందట. రక్తం పలుచబడే ఇంజక్షన్ పొట్ట మీద మొదలుపెట్టారు. రోజుకు రెండుసార్లు.

రుద్దించామా అని వచ్చిన ప్రతి డాక్టరూ అడిగారు. లేదని చెప్పగలిగాను. నాగావళి అక్కా, డాక్టరమ్మ గారూ, మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

నాగావళి ఒడ్డు (రాయగడ), మధ్యాహ్నం 1.20

ఏమీ చెప్పనక్కరలేదు తల్లీ. అక్కకు ముందు కడుపు నిండా నీళ్లు ఇవ్వు.

జయపురం మాస్టారు (జయపురం), సాయంత్రం 5.05

ఆ అమ్మాయి క్షేమంగా ఉందని విని సంతోషించాను. ఇప్పుడు నా ప్రశ్న వాదన కోసం కాదు. మా కోడలికి వచ్చే నెలలో కాన్పు. మా ఇంటి పథ్యంలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? మొత్తం మూటగట్టి పారేయమంటే నేను ఒప్పుకోను. వెల్లుల్లి, శొంఠి, పాత బియ్యం, పొట్లకాయ, బీరకాయ తింటే ఎవరికి నష్టం? పురుడు వెళ్లేదాకా వంటింటి చాకిరీ తప్పించే పద్ధతిలో తప్పేముంది? నా అనుమానం, నీళ్లు వద్దనడం వెనక కూడా ఏదో కారణం ఉండి ఉంటుంది. కలరా ఊళ్లు తుడిచిపెట్టిన కాలంలో బావినీళ్లు బాలింతకు పోయకపోవడమే మేలు అయి ఉండవచ్చు.

ఆశా దీదీ (కాశీనగర్), సాయంత్రం 6.30

మాస్టారు గారూ, నేను ఇళ్లకు తిరిగే మనిషిని, నాకు తెలిసింది చెబుతాను. పథ్యం తిండితో నాకు పేచీ లేదు. ఆకుకూర, పప్పు, గుడ్డు కూడా పెట్టమంటాను, అంతే. కాయం పెడితే పెట్టండి. నీళ్లకు భయమైతే కాచి చల్లార్చి ఇవ్వండి, అప్పుడు మీ కలరా భయమూ పోతుంది. జీలకర్ర వేసినా, వాము వేసినా సరే, దాహం వేసినన్నిసార్లు ఇవ్వాలి. పాలిచ్చేటప్పుడల్లా పక్కన చెంబు ఉండాలి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీళ్లు చాలడం లేదని అత్తగార్లకు చూపిస్తాను. మాటలకంటే అది బాగా పనిచేస్తుంది.

పురుడు వెళ్లేదాకా పని చెప్పకపోవడం మంచిదే. కానీ పని చేయకపోవడం వేరు, కదలకపోవడం వేరు. నూతిలో చేద వేయించే రోజు వరకు గడప దాటించని ఇళ్లున్నాయి. గదిలోనే నడవమనండి, వరండాలో తిరగమనండి. పడుకున్నప్పుడు కూడా మడమలు పైకీ కిందికీ ఆడించమనండి. ఆసుపత్రిలో కాన్పయితే మేము 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికి వస్తాం. చాలామంది మేము బిడ్డను తూచడానికే వచ్చామనుకుంటారు. నేను తల్లి చీర మోకాళ్ల దాకా ఎత్తించి రెండు పిక్కలూ పక్కపక్కన చూస్తాను, అనుమానం వస్తే టేపుతో కొలుస్తాను. రెండు మూడు సెంటీమీటర్ల తేడా ఉందంటే వెంటనే పంపించేస్తాను. టేపు లేకపోతే దారంతో కొలిచినా తెలుస్తుంది. తేడా లేకపోయినా నొప్పి ఉందంటే పంపుతాను. పోయిన ఏడాది ఒక అత్తగారు మగవాళ్లున్న ఇంట్లో కాళ్లు చూపించడమేమిటని తలుపు వేసేసింది. నేను వాకిట్లో కూర్చున్నాను, లోపలికి పిలిచేదాకా.

నిర్వాహకుడు, సాయంత్రం 6.52

ఆశా దీదీ గారి మాటను పైన కట్టి ఉంచుతున్నాను. పేర్లు, ఫోను నంబర్లు ఎవరూ రాయకండి. ఆసుపత్రుల మీద ఫిర్యాదులు ఉంటే పేరు లేకుండా రాయండి.

మందుల కొట్టు (గుణుపురం), రాత్రి 8.15

అసలు చిక్కులు ఇంటికి వచ్చాక మొదలవుతాయి, అందుకని చెబుతున్నాను. పొట్ట మీద చేసే ఇంజక్షన్ ఎనాక్సాపారిన్ అయి ఉంటుంది. అది బరువును బట్టి ఇస్తారు, పక్కింటి వాళ్ల మోతాదు మీకు పనికిరాదు. చిన్న ఊళ్లలో ఒక్కోసారి నిల్వ ఉండదు, కనీసం వారానికి సరిపడా ముందే తెచ్చుకోండి. తరవాత వార్ఫరిన్ మాత్రలు రాస్తే రక్తం ఎంత పలుచబడిందో చూపే ఐఎన్ఆర్ అనే పరీక్ష తరచూ చేయించాలి. అది మామూలుగా 2, 3 మధ్య ఉండేలా మాత్ర సరిచేస్తారు.

ఈ మందుల మీద ఉన్నప్పుడు ఊళ్లో సూది వేసేవాళ్ల దగ్గర పిరుదుకు నొప్పి ఇంజక్షన్ చేయించుకోవద్దు. లోపల రక్తం చేరి గడ్డలా లేస్తుంది. డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటివి సొంతంగా వాడవద్దు. విరేచనాలకు ఇచ్చే మెట్రోనిడజోల్ వార్ఫరిన్ ప్రభావాన్ని బాగా పెంచేస్తుంది. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా రక్తం పలుచబడే మందు వాడుతున్నామని మొదటి మాటగా చెప్పండి. నా దగ్గరకు వచ్చేవాళ్లు అది చివరి మాటగా చెబుతారు, డబ్బులు ఇచ్చి చిల్లర తీసుకునేటప్పుడు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి), బుధవారం ఉదయం 9.30

వార్ఫరిన్ మొదలుపెడతామన్నారు, ఇంజక్షన్ కూడా కొన్నిరోజులు కలిపి సాగుతుందట. పాల ద్వారా పాపకు వెళుతుందేమోనని అక్క ఏడుస్తోంది. డబ్బా పాలు పట్టమని మా పెద్దమ్మ అంటోంది. మునగాకు, తోటకూర పూర్తిగా మానేయాలని ఇంకెవరో చెప్పారు. పాలు పడాలని ఇన్నాళ్లూ ఆ రెండే పెడుతున్నాం. మళ్లీ కాన్పు ఉండకూడదని కూడా ఒకరు అన్నారు, అక్క వింటుండగానే.

గంజాం డాక్టరమ్మ (బరంపురం), ఉదయం 11.00

అక్కకు ఫోను ఇచ్చి ఇది చదివించండి.

ఎనాక్సాపారిన్ లాంటి హెపారిన్ జాతి ఇంజక్షన్లు, వార్ఫరిన్, రెండింటితోనూ బిడ్డకు నిశ్చింతగా పాలివ్వవచ్చు. డబ్బా పాల అవసరం లేదు. కొత్తగా వచ్చిన రివరాక్సాబాన్, అపిక్సాబాన్ మాత్రలను మాత్రం పాలిచ్చే తల్లులకు సాధారణంగా ఇవ్వరు. ఐఎన్ఆర్ పరీక్షల తిప్పట తప్పుతుందని ఎవరైనా వాటికి మార్చబోతే, పాలిస్తున్నానని గుర్తుచేయండి.

ఆకుకూర మానక్కరలేదు. అందులోని విటమిన్-కె వార్ఫరిన్‌కు ఎదురు పనిచేస్తుంది, నిజమే. కానీ సమస్య ఆకుకూర తినడంలో లేదు, ఒక వారం రోజూ మునగాకు, తరవాతి వారం ఏమీ లేకపోవడంలో ఉంది. తినేది ఒక తీరుగా తింటే మాత్ర మోతాదును దానికి తగ్గట్టు సరిచేస్తారు. మీ అక్కకు రక్తహీనత కూడా ఉంటే ఆకుకూర మానిపించడం ఇంకా తప్పు.

మందు మొత్తం మీద కనీసం మూడు నెలలు సాగుతుంది. వాపు తగ్గిందని మధ్యలో ఆపితే మళ్లీ కడుతుంది. నడవడం మొదలుపెట్టవచ్చు, గడ్డ కదులుతుందని మంచానికి కట్టేయడం పాత పద్ధతి. రుద్దడం మాత్రం ఇప్పటికీ వద్దు.

ఇక మళ్లీ కాన్పు. నిక్షేపంగా ఉండవచ్చు. కానీ గర్భం వచ్చిందని తెలియగానే డాక్టరుకు ఈ సంగతి చెప్పాలి. గర్భం అంతా, ప్రసవం తరవాత ఆరు వారాలు ఇంజక్షన్ రూపంలో మందు ఇస్తారు. వార్ఫరిన్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది, కాబట్టి ఆ మాత్ర మీద ఉన్నన్నాళ్లూ గర్భం రాకుండా చూసుకోవాలి. అందుకు మాలా-ఎన్ లాంటి మాత్రలు వాడకూడదు. వాటిలో ఈస్ట్రోజన్ ఉంటుంది, అది గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. ఒకసారి గడ్డ కట్టినవాళ్లకు ఇక ఎప్పటికీ వద్దు. కాపర్-టి మంచిది. ఏ ఇబ్బందీ లేని బాలింతలు కూడా పాలిస్తుంటే ఆరు వారాలలోపు ఆ మాత్రలు మొదలుపెట్టకూడదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఇరుగమ్మ దగ్గర మిగిలిన మాత్రల అట్ట తెచ్చుకుని వేసుకునేవాళ్లను నేను ప్రతి నెలా చూస్తున్నాను.

అక్క వింటుండగా మళ్లీ కాన్పు ఉండదన్న ఆ మహాతల్లికి నా తరఫున ఒక నమస్కారం పెట్టి గది బయటికి పంపండి.

బరంపురం మనవడు (బరంపురం), మధ్యాహ్నం 12.10

మా ఆవిడకు మూడు వారాల్లో ఆపరేషన్ తేదీ ఇచ్చారు. వయసు 36, బరువు ఎక్కువే, కాళ్ల మీద ఉబ్బిన నరాలు ఉన్నాయి. ఇదంతా చదివాక నిద్ర పట్టడం లేదు. టెన్నిస్ క్రీడాకారిణి సెరెనా విలియమ్స్‌కు 2017లో ఆపరేషన్‌తో పాప పుట్టిన మర్నాడే ఊపిరి ఆడక, ఊపిరితిత్తుల్లో గడ్డలని ఆవిడే పట్టుబట్టి స్కాన్ చేయించుకుందని చదివాను. అంతకు ముందు 2011లోనే ఆవిడకు ఒకసారి గడ్డ కట్టింది కనుక గుర్తుపట్టింది. అంత పేరున్న మనిషే వాదించాల్సి వస్తే మేము ఏమని అడగాలి? ఆసుపత్రిలో ఎక్కువ ప్రశ్నలు వేస్తే విసుక్కుంటారు.

గంజాం డాక్టరమ్మ (బరంపురం), మధ్యాహ్నం 2.45

విసుక్కుంటే విసుక్కోనివ్వండి, అడగండి. 'ఆపరేషన్ తరవాత మా ఆవిడకు గడ్డ కట్టకుండా ఇంజక్షన్ అవసరమా, అయితే ఎన్నాళ్లు?' ఈ ఒక్క ప్రశ్న చాలు. మామూలు కాన్పు కంటే ఆపరేషన్ తరవాత ముప్పు సుమారు నాలుగు రెట్లు, నొప్పులు పడ్డాక అత్యవసరంగా చేస్తే ఇంకా ఎక్కువ. 35 దాటిన వయసు, అధిక బరువు, ఉబ్బిన సిరలు, ఇవి కలిసినప్పుడు చాలామంది వైద్యులు కనీసం పది రోజుల ఇంజక్షన్ ఆలోచిస్తారు. బ్రిటన్ ప్రసూతి వైద్యుల సంఘం 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇలా ఒక్కో అంశానికి లెక్కవేసి చూడమంటాయి. గతంలో తనకు గాని, తోబుట్టువులకు, తల్లిదండ్రులకు గాని గడ్డలు కట్టిన చరిత్ర ఉంటే మీరే ముందుగా చెప్పండి, అడిగేదాకా ఆగకండి. రక్తస్రావం ఎక్కువైనా, రక్తం ఎక్కించినా, గుర్రపువాతం (బీపీతో ఫిట్స్) వచ్చినా, కవలలైనా, బీపీ పెరిగినా ఆ లెక్క మారుతుంది.

గర్భసంచి దగ్గర రక్తస్రావం ఆగాక, వెన్నులో పెట్టిన గొట్టం తీసి తగినంత వ్యవధి ఇచ్చాకే ఆ ఇంజక్షన్ మొదలుపెడతారు. కాబట్టి వెంటనే ఇవ్వలేదని గొడవ పడకండి. మీరు చేయగలిగింది ఇంకోటి ఉంది. ఆపరేషన్ మర్నాటికల్లా నర్సు లేపి నడిపిస్తుంది. అప్పుడు మీ అత్తగారు 'పచ్చి బాలింతను నడిపిస్తారా' అని అడ్డం పడతారు. ఆవిడను ఆపడం అల్లుడి పని.

బరంపురం మనవడు (బరంపురం), మధ్యాహ్నం 2.50

అది మాత్రం ఆపరేషన్ కంటే పెద్ద పని డాక్టరమ్మా.

ప్రాణహిత అవతల (సిరోంచ), గురువారం ఉదయం 7.20

నా తరఫున రెండు ప్రశ్నలు. మా వైపు సికిల్‌సెల్ (రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి, మీ కోరాపుట్, మల్కనగిరి వైపు కూడా ఉన్నాయని విన్నాను. వాళ్ల బాలింతలకు ఈ ముప్పు వేరుగా ఉంటుందా? రెండోది, మా మరదలు పురిటికి వచ్చింది, నెల తిరగకుండానే బిడ్డతో బస్సులో హైదరాబాదు తీసుకెళతామని అటువాళ్లు అంటున్నారు.

గంజాం డాక్టరమ్మ (బరంపురం), ఉదయం 8.40

సికిల్‌సెల్ జబ్బు ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువే. నీళ్లు తగ్గితే వాళ్లకు నొప్పుల దాడి కూడా వస్తుంది, కాబట్టి రెండు విధాలా ప్రమాదం. వాళ్ల కాన్పు పెద్ద ఆసుపత్రిలోనే జరగాలి, తరవాత గడ్డ కట్టకుండా మందు ఇవ్వాలా అని ముందే తేల్చుకోవాలి. 2023 జులై 1న కేంద్రం మొదలుపెట్టిన సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమంలో ఉచితంగా పరీక్ష చేస్తారు. పెళ్లికి ముందో, గర్భం తొలి నెలల్లోనో చేయించుకుంటే మంచిది. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే అది సికిల్ నొప్పేనని ఇంట్లో సర్దుకోకండి.

ప్రయాణం సంగతి. నాలుగు గంటలు దాటే ప్రయాణం కూడా ముప్పు లెక్కలోకి వస్తుంది. ఆరు వారాలు గడిచేదాకా ఆపగలిగితే ఆపండి. తప్పదంటే రైలు మేలు, లేచి నడవవచ్చు. బస్సయితే రాత్రంతా కాళ్లు ముడుచుకుని కూర్చోబెట్టకుండా ఆగిన ప్రతి చోటా దించి నడిపించండి. మూత్రానికి ఇబ్బందని ఆడవాళ్లు దారిలో నీళ్లు మానేస్తారు. ఆగే చోటు మగవాళ్లు ముందే చూసిపెడితే ఆ ఇబ్బంది ఉండదు.

జయపురం మాస్టారు (జయపురం), ఉదయం 9.05

మా కోడలిది విశాఖపట్నం. ఏడో నెల సీమంతం అయ్యాక పుట్టింటికి పంపాం. పురుడు వెళ్లాక మూడో నెలలో తెచ్చుకుందామని వియ్యంకుడికి ఇప్పుడే ఫోను చేశాను. కాచి చల్లార్చిన నీళ్ల సంగతి కూడా చెప్పాను. ఆయన, 'మా ఇంట్లో ఎప్పుడూ అదే పద్ధతి బావగారూ' అన్నాడు.

నాగావళి ఒడ్డు (రాయగడ), ఉదయం 9.12

వియ్యంకుడు అలాగే అంటాడు మాస్టారూ. వియ్యపురాలితో మాట్లాడండి.

నిర్వాహకుడు, ఉదయం 9.30

సికిల్‌సెల్ గురించి వచ్చిన ప్రశ్నలకు వేరే చర్చ తెరిచాను. గడ్చిరోలి, కోరాపుట్, మల్కనగిరి వాళ్లు అక్కడ రాయండి. ఈ చర్చ మూయడం లేదు, మందుల సందేహాలు ఇక్కడే అడగండి.